కూలివాడల్లో నీటి పైపు: ఏది కొనాలి, ఎట్లా వేయాలి

పాత ఆదిలాబాద్ జిల్లాకు నీళ్ల కరువు ఉందంటే బయటివాళ్లు నమ్మరు. దక్షిణాన గోదావరి, ఉత్తరాన పెన్‌గంగ, తూర్పున ప్రాణహిత, నడుమ కడెం వాగు. కుంటాల దగ్గర, పొచ్చెర దగ్గర నీళ్లు కొండ మీంచి దూకుతాయి. అదే జిల్లాలో ఎండాకాలం వస్తే ఆడవాళ్లు ఒర్రెలో చెలిమె తీసి గిన్నెతో బిందె నింపుకుంటారు. నీళ్లు లేక వచ్చిన కరువు కాదిది. ఉన్న నీళ్లు కూలిచేసుకునేవాళ్ల ఇంటి దాకా రాక వచ్చిన కరువు. కొమురం భీం పోరాటం "జల్, జంగల్, జమీన్" అన్న నినాదంతోనే జనం నోట నిలిచింది. 1940లో జోడేఘాట్‌లో ఆయన నేలకొరిగిన ఇన్నేళ్లకు కూడా ఆ మూడింటిలో మొదటి మాట ఇంకా బాకీ ఉండిపోయింది.

ఇంటింటికీ నల్లా ఇస్తామని 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో ప్రధానమంత్రి చేతుల మీదుగా మిషన్ భగీరథ ప్రారంభించారు. పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు ఇవ్వడం దాని లక్ష్యం. 2019 ఆగస్టు 15న కేంద్రం ప్రకటించిన జల జీవన్ మిషన్ లెక్క మనిషికి 55 లీటర్లు. పథకాల పేర్లు, వాటి గొప్పలు పత్రికల్లో చాలా వచ్చాయి. వాటి గురించి ఇక్కడ రాయబోవడం లేదు. చాలా వాడల్లో నల్లా వచ్చిన మాట నిజం. నీళ్లు రాని నల్లాలు ఉన్న మాట కూడా నిజం. నల్లాకూ ఇంటికీ మధ్యనున్న చివరి పది గజాల పైపు సంగతి మాత్రం ఎవరూ రాయలేదు. కూలివాళ్ల పైస పోయేది అక్కడే, రోగం వచ్చేదీ అక్కడే. అందుకే ఈ వ్యాసం.

చివరి పది గజాలు

కంట్రాక్టరు లైను గల్లీ దాకా తెచ్చి, ఇంటి ముందు ఓ నల్లా నిలబెట్టి బిల్లు తీసుకొని పోతాడు. అక్కడి నుంచి వంటింటి గోలెం దాకా, దొడ్లోని తొట్టి దాకా నీళ్లు పోవాలంటే ఇంటివాళ్లే పైపు కొనుక్కోవాలి. చేతిలో పైసలుండవు. అంగడి రోజు సంతలో చుట్టలు పెట్టుకొని అమ్మేవాడి దగ్గర ఏది సస్తాగా దొరికితే అది కొంటారు. పొలం కాడ పనికిరాదని పారేసిన డ్రిప్పు పైపు ముక్కలు తెచ్చి అతికేవాళ్లున్నారు. కరెంటు తీగలు దూర్చే పైపులో తాగునీళ్లు పారించేవాళ్లున్నారు. అతుకు కాడ సైకిల్ ట్యూబు చుట్టి సుతిలితాడు కట్టడం మేము తిరిగిన ప్రతి వాడలోనూ కనబడింది. పైపు మురికి కాల్వలోంచే పోవడమూ కనబడింది.

"నీళ్లొస్తున్నయి గదా, గింకేం గావాలె?" అంటారు జనం. వచ్చే నీళ్లు ఏ దారిన వస్తున్నాయో చూడకుంటే ఆ నీళ్లే వానాకాలంలో వాంతులూ విరేచనాలూ తెస్తాయి. అప్పుడు పోయేది పైపు ఖర్చు కాదు, నాట్లప్పుడు కలుపులప్పుడు కూలి పోతుంది, ఆస్పత్రికి అప్పు పడుతుంది, పసిపిల్లల ప్రాణం మీదికి వస్తుంది. దుకాణదారుకు పైపు అంటే ఒక సరుకు. కూలి కుటుంబానికి అది పాణం సంగతి.

ఏ పైపు ఏమిటి

వంగే పైపులన్నీ ఒకటి కావు. దుకాణంలో కలగలిపి పెట్టిన వాటిని విడదీసి గుర్తుపట్టడం నేర్చుకోవాలి.

మొదటిది, పాలిథిలిన్‌తో చేసిన నల్ల పైపు. హెచ్.డి.పి.ఇ. అని అడిగితే ఇస్తారు. చుట్టగా వస్తుంది, వంగుతుంది, తుప్పు పట్టదు. పాలిథిలిన్ 1933లో ఇంగ్లండులో ఒక రసాయన ప్రయోగశాలలో అనుకోకుండా బయటపడింది. తక్కువ ఒత్తిడితోనే దాన్ని గట్టి రకంగా తయారుచేసే దారిని 1953లో జర్మనీలో కార్ల్ జీగ్లర్ కనిపెట్టాడు. తాగునీటి పైపుకు వాడేది ఈ గట్టి రకమే. ఎండకు పగలకుండా అందులో మసి కలుపుతారు, పైపు నల్లగా ఉండేది అందుకే. తాగునీటిదని తెలిసేటందుకు పొడుగునా నీలి గీతలుంటాయి.

రెండోది, పి.వి.సి. గట్టి పైపు. తెల్లగానో బూడిద రంగులోనో నిటారు కర్రల్లాగ వస్తుంది. తాగునీటికి వేరే రకం ఉంది, మురుగునీటికి వేరే రకం ఉంది, కరెంటు తీగలకు వేరే రకం ఉంది. చూడ్డానికి అన్నదమ్ముల్లాగే ఉంటాయి. పి.వి.సి. తయారీలో సీసం వాడే అలవాటు చాలాకాలం ఉండేది. ఆ పైపుల్లోంచి సీసాన్ని తొలగించాలని కేంద్ర పర్యావరణ శాఖ 2021లో నియమాలు తెచ్చింది. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. అమెరికాలోని ఫ్లింట్ నగరంలో 2014లో నీటి వనరు మార్చి, పైపులు తినిపోకుండా కలపాల్సిన మందు కలపలేదు. పాత సీసపు పైపుల్లోంచి విషం ఇళ్లలోకి వచ్చింది. ఆ నగరంలో సగానికి పైగా నల్లజాతివారే, పేదలూ చాలామంది. పేదల పైపు గురించి పట్టింపు లేకపోవడం ఒక్క మన దేశంలోనే కాదన్న మాట. కనుక ఎక్కడో పీకిన పాత పి.వి.సి. ముక్కలు తెచ్చి తాగునీటికి పెట్టకండి.

మూడోది, మెత్తటి రబ్బరు పైపు అని మనం పిలిచేది. పచ్చగానో, తెల్లగా లోపలి నీళ్లు కనబడేటట్టో ఉంటుంది. అది రబ్బరు కాదు, మెత్తబరిచే రసాయనం కలిపిన పి.వి.సి. చెట్లకు నీళ్లు పెట్టడానికి, బండి కడగడానికి సరే. వెలుతురు లోపలికి పోతుంది గనుక పాచి పడుతుంది. ఎండకు గట్టిపడి పగులుతుంది. తాగునీటికి దాన్ని శాశ్వతంగా బిగించకూడదు.

నాలుగోది, పొలం పైపులు, అంటే డ్రిప్పువి, స్ప్రింక్లరువి. ఇవీ నల్లగానే ఉంటాయి, పాలిథిలిన్‌వే. కాని వాటి ప్రమాణం వేరు, గోడ పలచన. ఎరువుల నీళ్లు పారిన పైపును ఇంటికి తేవడం మరీ ప్రమాదం.

ఒక తేలికైన పరీక్ష ఉంది. పైపు నుంచి చిన్న పెచ్చు కోసి, గాలి బుడగ అంటకుండా నీళ్లలో ముంచి వదలండి. పాలిథిలిన్ నీళ్లకన్న తేలిక, అది పైకి తేలుతుంది. పి.వి.సి. బరువు, అది మునుగుతుంది. హెచ్.డి.పి.ఇ. అని అమ్మిన నల్ల పైపు పెచ్చు మునిగిందంటే అందులో సుద్దపొడి లాంటిదేదో దండిగా కలిపారని అనుమానించాలి. తేలినంత మాత్రాన మంచిదని కాదు. ఘాటు వాసన వస్తున్నా, లోపలి గోడ గరుకుగా ఉన్నా, కోసిన చోట చుక్కలు చుక్కలుగా ఉన్నా అది చెత్త ప్లాస్టిక్ కరగబెట్టి చేసిన పైపు. దాన్ని ముట్టకండి.

పైపు మీది రాత చదవండి

మంచి పైపు మీద రాత ఉంటుంది. చదువు రానివారు బడికిపోయే పిల్లలతో చదివించుకోవచ్చు. చూడాల్సినవి ఇవి: ఐ.ఎస్.ఐ. ముద్ర, దాంతోపాటు లైసెన్సు నంబరు, ఐ.ఎస్. 4984 అన్న అంకె, తాగునీటి పాలిథిలిన్ పైపు ప్రమాణం ఇదే, పి.ఇ. 63, పి.ఇ. 80, పి.ఇ. 100 అన్నవాటిలో ఏదో ఒకటి, అంకె పెరిగినకొద్దీ సరుకు బలమైనది, పి.ఎన్. అన్న అక్షరాల పక్కన అంకె. చివరికి పైపు బయటి వ్యాసం మిల్లీమీటర్లలో. గట్టి పి.వి.సి. కొనేవారు ఐ.ఎస్. 4985 చూడాలి. దాని మీద 13592 అని ఉంటే అది మురుగు పైపు. 9537 అని ఉంటే కరెంటు పైపు. దొంగ ముద్రలూ ఉంటాయి. లైసెన్సు నంబరు నిజమో కాదో ఫోనులో బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్‌లో కొట్టి చూడవచ్చు. ప్రతి వాడలో ఒక కుర్రాడి దగ్గర ఫోనుంది. ఆ పని ఆ కుర్రాడికి అప్పగించండి.

పి.ఎన్. అంటే పైపు ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందన్న లెక్క. నీళ్లు 10 మీటర్ల ఎత్తునుంటే అడుగున చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో ఒత్తిడి పడుతుంది. ఊరి ట్యాంకు 15 మీటర్ల ఎత్తుంటే ఒకటిన్నర కిలో అన్నమాట. పి.ఎన్. 6 పైపు 6 కిలోలు తట్టుకుంటుంది. "గట్లయితే అదే చాలు గదా" అనిపిస్తుంది. లెక్కకు చాలు, వాడకానికి చాలదు. వాల్వు దబాలున తిప్పినప్పుడు ఒత్తిడి ఒక్కసారి ఎగదన్నుతుంది. వేడికి ప్లాస్టిక్ బలం తగ్గుతుంది, మన ఎండలేమో 45 డిగ్రీలు దాటుతాయి. పలచటి గోడ తొక్కితే నలుగుతుంది, ఎలుక కొరికితే చిల్లి పడుతుంది. అందుకని ఇంటి సన్న పైపుకు పి.ఎన్. 10కి తగ్గకుండా తీసుకోండి. మీటరుకు ధర కాస్త పెరుగుతుంది, ఏటేటా కొనే ఖర్చు తప్పుతుంది. ఈ పైపును వేడినీళ్లకు మాత్రం వాడకూడదు.

సైజు లెక్క

20 మిల్లీమీటర్ల పైపు అంటే జనం భాషలో అరంగుళం, 25 అంటే ముప్పావు, 32 అంటే అంగుళం. ఒక్క ఇంటికి, కొద్ది దూరానికి 20 సరిపోతుంది. ఇక్కడే ఒక మర్మం ఉంది. పైపు సన్నబడితే నీళ్లు ఆ మేరకే తగ్గుతాయని అనుకుంటాం. అట్లా కాదు. లోపలి వ్యాసం సగమైతే, అదే ఒత్తిడికి, అదే దూరానికి నీళ్లు దాదాపు ఆరో వంతే వస్తాయి. 20 కన్న 32 పైపులో మూడు రెట్లకు పైనే పారుతాయి. కనుక వాడ మొత్తానికి ఒకే 20 పైపు వేసి దాని మీద పదిహేను ఇళ్లు కలిపితే మొదటి నాలుగిళ్లకే నీళ్లు. నడుమ 32 పైపు వేసి, దాన్నుంచి ఇంటింటికీ 20 తీసుకోవాలి.

ఉమ్మడిగా కొంటే ఖర్చు కలిసివస్తుంది. ఇంటికి 6 మీటర్లు కావాలంటే పదిహేను ఇళ్లకు 90 మీటర్లు. 100 మీటర్ల చుట్ట ఒకటి తెస్తే పది మీటర్లు బాగుకు మిగులుతుంది. ఒక్కొక్కరు ఆరేసి మీటర్లు కొంటే దుకాణదారు చెప్పిందే ధర. వాడంతా కలిసి పోతే రాత చూపించమని, రసీదు ఇమ్మని గట్టిగా అడగొచ్చు.

అతుకులోనే అసలు సంగతి

పైపు పగలడం తక్కువ, కారేది అతుకు కాడే. పి.వి.సి.కి పూసే జిగురు నల్ల పైపుకు పట్టదు. ఎంత పూసినా ఊడుతుంది. పైపు కొసను మంటలో కాల్చి మెత్తబరిచి ఇంకో పైపులోకి దూర్చడం మన పల్లెల్లో అలవాటు. కాలిన చోట పైపు బలం పోతుంది, లోపల అంచు పెరిగి నీళ్లకు అడ్డం పడుతుంది.

సరైన పద్ధతులు రెండు. పెద్ద లైన్లకు వేడి పలకతో రెండు కొసలూ కరిగించి ఒక్కటిగా అతుకుతారు, దానికి యంత్రం కావాలి. ఇంటి పైపులకు బిగింపు కప్లింగులు దొరుకుతాయి. వాటిలో ఒక మర, ఒక పట్టు రింగు, ఒక రబ్బరు రింగు ఉంటాయి. పైపును హాక్సా బ్లేడుతో అడ్డంగా సూటిగా కోయాలి, వాలుగా కోయవద్దు. పొట్టు తీసి అంచును కొద్దిగా చెక్కాలి. ఎంత లోతు పోవాలో పైపు మీద గీత గీసుకొని, మట్టి లేకుండా తుడిచి, రబ్బరు రింగు దాటి లోపలి దాకా నెట్టాలి. తరువాత మర బిగించాలి. తెల్ల టెఫ్లాన్ టేపు నల్లాకు బిగించే మరల మీద చుట్టాలి గాని, ఈ పట్టు మర మీద అవసరం లేదు. మెయిన్ లైనుకు చిల్లి పొడిచి పైపు గుచ్చకండి. దానికి సాడిల్ అనే బిగింపు ఉంది, అది పంచాయతీ పనివారి చేతనే వేయించాలి. ప్రతి ఇంటికీ ఒక చిన్న వాల్వు పెట్టుకుంటే ఒకరి బాగు కోసం వాడంతా నీళ్లు ఆపనవసరం ఉండదు.

నల్లరేగడిలో పైపు వేయడం

మన జిల్లాలో పత్తి పండే నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విడుస్తుంది. నేల కదిలినప్పుడు గట్టి పి.వి.సి. అతుకు కాడ విరుగుతుంది. వంగే పైపు నేలతోపాటు సర్దుకుంటుంది. ఈ నేలకు నల్ల పైపు నప్పడానికి అసలు కారణం ఇదే. కెరమెరి, నార్నూర్, తిర్యాణి వైపు గుట్టల మీది గూడేలకు ఇంకో లాభం ఉంది. పైనున్న ఊట నుంచి గుట్ట వాలు వెంబడి మలుపులు తిప్పుకుంటూ కరెంటు లేకుండా నీళ్లు దించుకోవచ్చు.

వంగుతుంది గదా అని మడత పెట్టకూడదు. మలుపు తిప్పేటప్పుడు గుండ్రం పైపు వ్యాసానికి 25 రెట్లకు తగ్గవద్దు. 20 పైపుకు అర మీటరు అన్నమాట. అంతకన్న ఇరుకు మూల వస్తే ఎల్బో వేయండి. ఎండకు ఈ పైపు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. 10 మీటర్ల పైపు 30 డిగ్రీల తేడాకు ఐదారు సెంటీమీటర్లు మారుతుంది. తీగలాగ గుంజి బిగించి వేస్తే పుష్యమాసం చలికి ముడుచుకొని అతుకులోంచి ఊడుతుంది. కాల్వలో పాము నడకలాగ కొంచెం వంకరగా పరవాలి.

దొడ్లో అడుగున్నర లోతు, బండ్లూ ట్రాక్టర్లూ తిరిగే చోట మూడడుగుల లోతు తీయాలి. అడుగున రాళ్లు ఏరి, ఇసుకో మెత్తటి మట్టో పోసి పైపు పరవాలి. అతుకులు పూడ్చకముందే నీళ్లు వదిలి ఒక్కొక్క అతుకూ తడిమి చూడాలి. మొదట వచ్చే నీళ్లు తాగకుండా కొన్ని బిందెలు బయటికి వదిలేయాలి.

మురికి ఎట్లా దూరుతుంది

"పైపులోంచి నీళ్లు బయటికి కారుతయి గని, బయటి మురికి లోపలికెట్ల పోతది?" అని అడుగుతారు. నీళ్లు ఇరవై నాలుగు గంటలూ వస్తే పోదు. మన నల్లాలకు రోజులో కాసేపే నీళ్లు. బందు చేసినాక పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు లోపల ఒత్తిడి పడిపోయి, కారే అతుకే పీల్చే నోరవుతుంది. ఆ అతుకు మురికి కాల్వలో ఉంటే కాల్వ నీళ్లే లోపలికి పోతాయి. మరునాటి మొదటి బిందెలో మనం నింపుకునేది అదే. పై ఇంటివాడు నల్లాకు నేరుగా మోటారు బిగించి గుంజితే ఈ పీల్చుడు ఇంకా పెరుగుతుంది. వాడికి నీళ్లు, కింది ఇళ్లకు మురికి.

కాబట్టి పైపును కాల్వలోంచి ఎన్నడూ పోనివ్వకండి. దాటక తప్పకపోతే కాల్వకు పై నుంచి, అక్కడ అతుకు లేకుండా, ఇంకో పెద్ద పైపులో దూర్చి దాటించండి. మరుగుదొడ్డి గుంతకు పది అడుగుల దూరం ఉంచండి. నల్లాకు తొడిగిన గొట్టం కొసను తొట్టి నీళ్లలో ముంచి వదలకండి, నీళ్లు బందు కాగానే తొట్టి నీళ్లు వెనక్కు పోతాయి. చివరి ఇంటి నల్లా కాడ కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 చెబుతుంది. ట్యాంకు కాడ కాదు, మన వాడ చివరన పరీక్ష చేసి చూపించమని అడగండి.

చివరి ఇంటి హక్కు

లైను చివర ఎవరుంటారు? ఊరి నడుమ పటేండ్ల ఇళ్లు, చివర మాదిగవాడ, మాలవాడ, ఆవల గోండు, కోలాం గూడెం. పైపు ఎట్లా పోయిందో చూస్తే ఊరు ఎట్లా కట్టారో తెలుస్తుంది. నీళ్ల కాడ కులం కొత్తది కాదు. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ చవదార్ చెరువు నీళ్లు తాగింది ఈ హక్కు కోసమే. 1985 జులై 17న కారంచేడులో దళితుల మీద జరిగిన హత్యాకాండకు నిప్పు రాజుకున్నది తాగే నీళ్ల చెరువు కాడే. ఎస్సీ, ఎస్టీలను బావి దగ్గర, చెరువు దగ్గర, నల్లా దగ్గర అడ్డుకోవడం 2015 సవరణ తరువాత అత్యాచార నిరోధక చట్టం కింద నేరం. ఆ చట్టంలో నల్లా మాట కూడా ఉంది. కార్యకర్తలు ఇది గుర్తుంచుకోవాలి.

శుభ్రమైన నీళ్లు బతికే హక్కులో భాగమని 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. 2000లో బొలీవియాలోని కోచబాంబ నగరంలో నీళ్లను కంపెనీకి అప్పగిస్తే జనం వీధికెక్కి ఆ ఒప్పందాన్ని రద్దు చేయించారు. 2010లో నీటిని మానవ హక్కుగా ఐక్యరాజ్యసమితి గుర్తించింది, ఆ తీర్మానం పెట్టింది ఆ బొలీవియాయే. హక్కు కాగితం మీదికి రావడానికే అంత కొట్లాట కావలసివచ్చింది. కాగితం నుంచి నల్లా దాకా రావడానికి ఇంకెంత కావాలో చెప్పనక్కరలేదు.

నీళ్ల లెక్క కట్టడం కష్టం కాదు. 15 లీటర్ల బిందె మూడు నిమిషాల్లో నిండితే నిమిషానికి 5 లీటర్లు. ఐదుగురున్న ఇంటికి 100 లీటర్ల చొప్పున 500 లీటర్లు రావాలంటే 100 నిమిషాలు నల్లా రావాలి. 55 లీటర్ల లెక్కన చూసినా 55 నిమిషాలు రావాలి. మీ వాడలో ఎన్ని నిమిషాలు వస్తోంది? వారం రోజులు మొదటి ఇంటి కాడా, చివరి ఇంటి కాడా రాసిపెట్టండి. "నీళ్లొస్తలేవు" అన్న మాటను అధికారి దులుపుకొని పోతాడు. ఏడు రోజుల లెక్క ముందు పెడితే జవాబు చెప్పాల్సివస్తుంది.

ఇప్పుడు చేయాల్సిన పనులు

ఒకటి, వానాకాలానికి ముందే ప్రతి వాడలో పైపు వెంబడి నడిచి, కాల్వలో ఉన్న పైపులు, కారే అతుకులు ఎన్నో లెక్కరాయాలి. రెండు, ఆ లెక్కతో గ్రామసభలో తీర్మానం పెట్టించాలి. వీధి దాకా లైను బాగుచేయడం, చివరి వాడకు వేరే వాల్వు పెట్టి వంతులవారీగా నీళ్లివ్వడం పంచాయతీ పని. అది కూలివాళ్ల జేబులోంచి పెట్టాల్సిన ఖర్చు కాదు. మూడు, నల్లాకు నేరుగా మోటారు బిగించిన ఇల్లు ఎవరిదైనా సరే, మోటారు తీయించాలి. నాలుగు, వాడకు ఇద్దరు యువకులు, ఇద్దరు యువతులు కప్లింగు బిగించడం నేర్చుకోవాలి. హాక్సా, పానాలు, నాలుగు కప్లింగులు, ఒక వాల్వు ఉమ్మడి పెట్టెలో ఉంచాలి. ఐదు, కాల్వలో దిగి పైపు బాగుచేసే పంచాయతీ కార్మికునికి చేతి తొడుగులు లేవు, నెలనెలా జీతం సరిగ్గా అందదు. ఆ జీతం కోసం మనం కూడా అడగాలి. నీళ్లిచ్చే చేయి కూలిచేయే.

మంచి పైపు కొనడం మన తెలివి. చెడ్డ పైపు కొనక తప్పని గతి మనకు ఎందుకొచ్చిందో అడగడం మన పోరాటం. ఒకటి చేసి రెండోది విడిచిపెడితే పైపు ఉంటుంది, అందులో నీళ్లుండవు. రెండోది చేసి మొదటిది విడిచిపెడితే నీళ్లొస్తాయి, వాటితో రోగమూ వస్తుంది. కార్యకర్తలు గడ్డపారా, దరఖాస్తూ రెండూ చేతపట్టి ఈ వానాకాలానికి ముందే వాడల్లోకి కదలాలి.